నర్సు ఒకరు, పేషెంట్లు ఇద్దరు: బ్రిటన్‌లో పిల్లల నర్సింగ్ డిగ్రీ

పాప బరువు 11.2 కిలోలు. జ్వరం. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పోయాలంటే 168 మిల్లీగ్రాములు కావాలి. బ్రిటన్‌లో పసిపిల్లల సిరప్ ప్రతి 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాముల మందు ఉండేలా వస్తుంది కాబట్టి సరిగ్గా 7 మి.లీ. పోస్తే సరిపోతుంది. అదే పాప వరంగల్‌లో ఉంటే మనవాళ్ళు ‘వన్ ట్వంటీఫైవ్’ (5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములు) అనే సీసా నుంచి 6.7 మి.లీ. పోయాలి. మందుల షాపతను ‘టూ ఫిఫ్టీ’ సీసా చేతిలో పెడితే అందులో సగమే, అంటే 3.4 చాలు. సీసా మారిందని చూసుకోకుండా నిన్నటి అలవాటులో ఏడు పోసేస్తే 350 మిల్లీగ్రాములు లోపలికి వెళ్ళిపోతాయి.

బ్రిటన్‌లో పిల్లల నర్సింగ్ డిగ్రీ చదివేవాళ్ళు మూడేళ్ళూ ఇలాంటి లెక్కలు చేస్తూనే ఉంటారు. డిగ్రీ పూర్తయ్యేలోగా రాయాల్సిన మందుల లెక్కల పరీక్షలో పాస్ మార్కు వందకి వంద. 99 వచ్చినా తప్పినట్టే. నూటికి ముప్పై ఐదు వస్తే గట్టెక్కే చదువులకి అలవాటు పడ్డ మనకి ఇది కాస్త అతిగా అనిపిస్తుంది. పాయింటు ఒక్క గడి పక్కకి జరిగితే ఏమవుతుందో చూస్తే అలా అనిపించదు. పెద్దవాళ్ళకి పొరపాటున పది రెట్లు మందు ఎక్కించాలంటే పది ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్లు) విరగ్గొట్టాలి, మూడోది విరగ్గొట్టేటప్పటికే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఐదు కిలోల పసివాడికి ఇవ్వాల్సిన మార్ఫిన్ అర మిల్లీగ్రాము. ఒక మి.లీ.లో 10 మిల్లీగ్రాములుండే ఆంప్యూల్‌లో అది 0.05 మి.లీ. పది రెట్లు తప్పు పోయినా 0.5 మి.లీ.నే. అదే ఆంప్యూల్, అదే సిరంజి, చూడ్డానికి ఏ తేడా కనిపించదు. పెద్దల వార్డులో నర్సుని హెచ్చరించే కొండగుర్తులేవీ పిల్లల వార్డులో ఉండవు.

‘పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కాదు’ అనే మాట పీడియాట్రిక్స్ చెప్పే ప్రతి టీచరూ మొదటి రోజే అంటారు. వినీ వినీ అరిగిపోయిన మాట. అంకెల్లోకి దిగితే దానికి మళ్ళీ పదును వస్తుంది. మూడు కిలోల శిశువు ఒంట్లో ఉండే మొత్తం రక్తం దాదాపు 240 మి.లీ., ఇరానీ చాయ్ కప్పులైతే రెండున్నర. పరీక్షలకని పొద్దున ఒకసారి 5 మి.లీ. తీస్తే, పెద్ద మనిషి ఒంట్లోంచి 100 మి.లీ. తోడినట్టు. సాయంత్రం మళ్ళీ తీస్తే ఇంకో వంద. అందుకే ఏ పరీక్షకి ఎన్ని చుక్కలు చాలు, రెండు పరీక్షలకి ఒకే నమూనా సరిపోతుందా అని అడగడం కూడా అక్కడి నర్సు చదువులో భాగం.

డిగ్రీ నిర్మాణం విషయానికొస్తే, బ్రిటన్‌లో నర్సుల రిజిస్టర్‌ని నడిపేది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. దాన్ని ఎన్‌ఎంసీ అంటారు, మన డాక్టర్ల ఎన్‌ఎంసీ వేరు. ఆ రిజిస్టర్‌లో పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, లెర్నింగ్ డిజెబిలిటీ అని నాలుగు శాఖలున్నాయి. పద్దెనిమిదేళ్ళ విద్యార్థి అప్లికేషన్ పెట్టేటప్పుడే శాఖ ఎంచుకోవాలి. మామూలుగా మూడేళ్ళ డిగ్రీ, 4,600 గంటలు. అందులో సగం, అంటే 2,300 గంటలు, పేషెంట్ల మధ్యే గడవాలి. వీటిలో 600 గంటల వరకు బొమ్మ రోగులతో, సిమ్యులేషన్ గదుల్లో చేయించడానికి కౌన్సిల్ ఇటీవలి కాలంలో ఒప్పుకుంది. డిగ్రీ లేకుండా డిప్లొమాతో నర్సయ్యే దారి ఇంగ్లండ్‌లో 2013 నాటికి మూసుకుపోయింది.

ప్రపంచం మొత్తం మీద ఈ పద్ధతి అరుదు. ఇండియా, అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ముందు అందరూ జనరల్ నర్సులవుతారు, పిల్లల వైపు తర్వాత వెళ్తారు. బ్రిటన్ మాత్రం ఇంటర్ పూర్తయిన వయసులోనే దారి వేరు చేస్తుంది. ఎందుకలా అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు పిల్లల శరీరం వేరని. అది నిజమే, కానీ ఒక ప్రత్యేక కోర్సు పెట్టడానికి చాలుతుందే తప్ప ఒక ప్రత్యేక వృత్తిని నిలబెట్టడానికి చాలదు. ముసలివాళ్ళ శరీరమూ వేరే, వాళ్ళకి వేరే రిజిస్టర్ లేదు. అసలు కారణం పిల్లల మంచం పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషిని వార్డులోకి రానివ్వడానికి బ్రిటన్‌కి వందేళ్ళు పట్టింది.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి 1852 ఫిబ్రవరి 14న పది మంచాలతో మొదలైంది. డాక్టర్ ఛార్లెస్ వెస్ట్ పూనుకుని పెట్టించారు. అక్కడే పనిచేసిన కేథరిన్ వుడ్ అనే నర్సు, జబ్బుపడ్డ పిల్లల్ని చూసే నర్సులకి వేరే శిక్షణ ఉండి తీరాలని 1888లోనే వాదించింది. 1919లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాక రిజిస్టర్‌లో పిల్లల నర్సులకి విడిగా ఒక భాగం ఏర్పడింది. ఇంతవరకు కథ బాగానే ఉంది. ఆ వార్డుల్లో తల్లులు మాత్రం లేరు. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకూ చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు వారానికి కొన్ని గంటలే, కొన్నిచోట్ల ఆదివారం మాత్రమే వచ్చి చూసిపోవాలి. అంటురోగాల భయం ఒక కారణం. అమ్మ వచ్చి వెళ్తే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు, రాకపోతే నిమ్మళంగా ఉంటారు అనేది రెండో కారణం.

ఈ ‘నిమ్మళం’ ఏమిటో చూపించినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపని కెమెరాతో వెంటాడి 1952లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. అతను గమనించిన క్రమం ఇది. అమ్మ వెళ్ళగానే బిడ్డ గోల చేస్తుంది. తర్వాత దిగులుతో ముడుచుకుంటుంది. ఆ తర్వాత ఎవరెత్తుకున్నా పోతుంది, అమ్మ వచ్చినా మొహం తిప్పుకుంటుంది. ఈ మూడో దశని చూసే నర్సులు ‘పాప అలవాటు పడిపోయింది’ అని సంతోషించేవాళ్ళు. సినిమా చూసిన డాక్టర్లలో చాలామంది మండిపడ్డారు. న్యూకాజిల్‌లో డాక్టర్ జేమ్స్ స్పెన్స్ అప్పటికే 1920ల నుంచీ తల్లుల్ని బిడ్డలతో పాటు ఆసుపత్రిలో ఉంచుకుంటున్నా దేశం పట్టించుకోలేదు. చివరికి 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వేసిన కమిటీ, తల్లిదండ్రుల్ని ఏ వేళైనా రానివ్వాలని, తల్లి బిడ్డ దగ్గర ఉండే ఏర్పాటు చేయాలని, పిల్లల్ని పెద్దల వార్డుల్లో పడుకోబెట్టకూడదని చెప్పింది. అమలు కావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది.

తల్లి లోపలికి వచ్చాక నర్సు పని మారిపోయింది. అంతకుముందు బిడ్డ ఒంటికి స్నానం, నోటికి ముద్ద, చేతికి సూది అన్నీ నర్సువే. ఇప్పుడు ఏది ఎవరు చేయాలి? 1988లో ఆన్ కేసీ అనే నర్సు దీనికొక చట్రం గీసింది. బిడ్డకి రోజూ చేసే పనులు కుటుంబానివి, జబ్బు వల్ల వచ్చిపడ్డ పనులు నర్సువి. రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో ప్రతి కుటుంబంతోనూ మాట్లాడి తేల్చుకోవాలి, రేపు దాన్ని జరపాల్సి వస్తే జరపాలి. ముక్కు గొట్టం ద్వారా పాలు పోయడం నర్సు పనే అయినా, ఆర్నెల్లు గొట్టంతో ఇంట్లో ఉండబోయే బిడ్డ తల్లికి అది నేర్పడం అంతకంటే పెద్ద పని. డిగ్రీ విద్యార్థులకి దీన్ని పార్ట్‌నర్‌షిప్ మోడల్ అని నేర్పుతారు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, చేతల్లో అది ‘అమ్మా, ఇవాళ స్నానం మీరు చేయిస్తారా, నన్ను చేయించమంటారా?’ అనే ప్రశ్న.

ఇక్కడే తెలుగు పాఠకుడికి ఒక తమాషా తడుతుంది. మన ఆసుపత్రుల్లో తల్లి ఎప్పుడూ బయట లేదు. నీలోఫర్ వార్డులోకి వెళ్ళినా, జిల్లా ఆసుపత్రిలోకి వెళ్ళినా ఒక్కో మంచం మీద బిడ్డ, బిడ్డ పక్కన అమ్మ, మంచం కింద చాప మీద అమ్మమ్మ. సెలైన్ సీసా అయిపోతుంటే చూసి ‘సిస్టర్’ అని కేకేసేది ఆ అమ్మమ్మే. గుడ్డలు మార్చడం, తడిబట్టతో ఒళ్ళు తుడవడం, ఎక్స్‌రేకి ఎత్తుకుపోవడం, రిపోర్టులు తేవడం అన్నీ వాళ్ళ పనులే. బ్రిటన్ వందేళ్ళు పోరాడి తెచ్చుకున్నది మనకి ఊరికే ఉంది. కానీ నర్సుల కొరత వల్ల ఉంది. తల్లిని ‘అటెండెంట్’ అన్నాం, గేటు దగ్గర పాస్ ఇచ్చాం, పని చెప్పాం. నేర్పలేదు. ఏం గమనించావని అడగలేదు. నవజాత శిశువుల ఐసీయూలకి వచ్చేసరికి మాత్రం కథ తిరగబడి తలుపులు మూసుకున్నాం. అద్దం బయట నిలబడి చూడటమే. దీన్ని మార్చడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో ‘ఫ్యామిలీ పార్టిసిపేటరీ కేర్’ పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకి చేతులు కడుక్కోవడం, గౌను వేసుకోవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం నేర్పి లోపలికి రానిచ్చిన అనుభవం దానికి ఆధారం. కాగితం మంచిదే. దాన్ని నడిపించాల్సిన నర్సుకి నేర్పడం నేర్పింది ఎవరు అనేదే చిక్కు.

బ్రిటన్ విద్యార్థి ఆ నేర్పడాన్ని నేర్చుకునేది ఆ 2,300 గంటల్లో. ప్లేస్‌మెంట్లు ఆసుపత్రి వార్డుకే పరిమితం కావు. కొన్ని వారాలు ఇంటింటికీ తిరిగే హెల్త్ విజిటర్ వెంట, కొన్ని వారాలు స్కూల్ నర్సుతో, ఇంకొన్ని ఆపరేషన్ థియేటర్‌లో, పిల్లల ఐసీయూలో, మానసిక ఆరోగ్య క్లినిక్‌లో. ఆ సమయంలో విద్యార్థిని సిబ్బంది లెక్కలో కలపకూడదు. అంటే రోస్టర్‌లో ఆమె ఒక జత చేతులు కాదు, నేర్చుకునే మనిషి. నిజంలో రద్దీ రోజున ఈ నియమం ఎంత నిలబడుతుందో అక్కడి విద్యార్థుల్ని అడగాలి. పన్నెండు గంటల షిఫ్టులు, నైట్ డ్యూటీలు, వాటికి జీతం లేదు.

ఒక్క కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టే దృశ్యం దగ్గరగా చూస్తే ఈ చదువు స్వభావం తెలుస్తుంది. నాలుగేళ్ళ బాబు. డాక్టరు రావడానికి గంట ముందు నర్సు రెండు చేతుల మీదా మత్తు క్రీము రాసి పైన పారదర్శకమైన ప్లాస్టర్ వేస్తుంది. రెండు చేతులూ ఎందుకంటే మొదటి చేతిలో నరం దొరక్కపోవచ్చు. అక్కడ పిల్లలకి దాన్ని ‘మ్యాజిక్ క్రీమ్’ అని చెబుతారు. గంట తర్వాత బాబుని మంచం మీద పడుకోబెట్టరు, అమ్మ ఒళ్ళో కూర్చోబెడతారు. అదీ వార్డులో కాదు, విడిగా ఉండే ట్రీట్‌మెంట్ రూమ్‌కి తీసుకెళ్తారు, మంచం మీదే సూది గుచ్చితే రాత్రికి ఆ మంచమంటేనే భయపడతాడని. హెల్త్ ప్లే స్పెషలిస్ట్ అనే ఆవిడ సబ్బు నీళ్ళ బుడగలు ఊదమంటుంది. ఊదడానికి గట్టిగా ఊపిరి వదలాలి కాబట్టి ఏడుపు బిగుసుకోదు. ‘నొప్పి ఉండదు’ అని ఎవరూ అనకూడదు. అబద్ధమని ఒకసారి తెలిస్తే రేపటి నర్సుని వాడు నమ్మడు. ‘ఇంజెక్షన్ ఇస్తా ఉండు’ అని ఇంట్లో అన్నం తినిపించేటప్పుడు భయపెట్టే మన అలవాటు వార్డులో ఎంత పని పెడుతుందో మన సిస్టర్లకి బాగా తెలుసు. మన దగ్గర చాలాచోట్ల ఇదే పనికి తల్లిని బయటికి పంపి, నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుంటారు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ రెండు నిమిషాలు బాబు ఎన్నేళ్ళు మోస్తాడన్నది ఏ కేస్ షీట్‌లోనూ ఎక్కదు.

మాటలు రాని బిడ్డ నొప్పిని కొలవడానికీ పద్ధతి ఉంది. ముఖం, కాళ్ళు, ఒంటి కదలిక, ఏడుపు, ఓదారిస్తే తగ్గుతుందా లేదా అనే ఐదు అంశాలకి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసి, పదికి ఎంతో రాస్తారు. మాట వచ్చిన పిల్లలకి నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపిస్తారు. విద్యార్థికి మొదట్లో ఇది కాగితాల పనిలా అనిపిస్తుంది. నొప్పి మందు ఇచ్చిన అరగంటకి మళ్ళీ మార్కులు వేసి చూస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుందని రెండో ఏడాదికి గానీ ఒంటబట్టదు.

పిల్లల ఒళ్ళు ఇంకో మోసం చేస్తుంది. నీరసపడుతున్న పెద్దవాళ్ళ బీపీ మెల్లగా దిగుతూ కబురు చెబుతుంది. బిడ్డ గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగించుకుని బీపీని చాలాసేపు నిలబెట్టుకుంటుంది. పడిపోయిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. కాబట్టి అంకెల కంటే ముందు కళ్ళు చూడాలి: ముక్కుపుటాలు అదురుతున్నాయా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా, అరికాలు చల్లబడిందా, మాడు గుంట పడిందా. మన పల్లెల్లో ఏ తల్లిని అడిగినా ‘డొక్కలు ఎగరేస్తున్నాడు’ అంటుంది. న్యుమోనియాకి అంతకంటే కచ్చితమైన మాట వైద్య పుస్తకాల్లో లేదు. పాలు తాగే బిడ్డ నిమిషానికి నలభై సార్లు ఊపిరి తీస్తే మామూలే, పన్నెండేళ్ళ పిల్లవాడు తీస్తే ప్రమాదం. ఈ తేడాల కోసం ఇంగ్లండ్‌లో 2023 నవంబర్‌లో జాతీయ స్థాయిలో ఒకే రకం హెచ్చరిక చార్టు మొదలుపెట్టారు. వయసును బట్టి నాలుగు చార్టులు. శ్వాస, గుండె వేగం, ఆక్సిజన్ లాంటివాటికి గడులున్నాయి. వాటితో పాటు తల్లిదండ్రుల ఆందోళనకీ ఒక గడి ఉంది. అంకెలన్నీ బాగున్నా ‘మావాడు ఎప్పుడూ ఇలా ఉండడు’ అని తల్లి అంటే నర్సు దాన్ని రాసి, పై వాళ్ళకి చెప్పి తీరాలి. కూతురి పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెబుతున్నా పట్టించుకోకపోవడంతో పదమూడేళ్ళ మార్తా మిల్స్ 2021లో చనిపోయింది. ఆ కేసు తర్వాత, కుటుంబమే నేరుగా రెండో బృందాన్ని పిలిపించుకునే హక్కు ‘మార్తాస్ రూల్’ పేరుతో 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లోకి వస్తోంది.

తల్లిని నమ్మడం నేర్పే ఈ చదువే, తల్లిని అనుమానించడమూ నేర్పుతుంది. ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పాప 2000లో లండన్‌లో, తనని పెంచుతున్నవాళ్ళ చిత్రహింసలకి చనిపోయింది. అంతకు ముందు సంవత్సరమే ఆమెని రెండు ఆసుపత్రులు చూశాయి. ఒకచోట ఒంటి మీది గాట్లని గజ్జి అనుకున్నారు. 2003లో వచ్చిన లామింగ్ నివేదిక ప్రతి దశలోనూ ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న అడగలేదని తేల్చింది. అప్పటి నుంచి పాకడం కూడా రాని బిడ్డ చెంప మీద కమిలిన గుర్తు ఎలా వచ్చిందని అడగడం, జవాబు పూటకో తీరుగా మారుతుంటే రాసిపెట్టడం విద్యార్థి నేర్చుకోవాల్సిన నైపుణ్యమైంది. పొద్దున ‘స్నానం మీరు చేయిస్తారా’ అని అడిగిన నర్సే సాయంత్రం సోషల్ వర్కర్‌కి ఫోన్ చేయాల్సి రావచ్చు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలని మన పోక్సో చట్టం 2012లోనే పెట్టింది. చెప్పడం ఎలాగో, ఆ రాత్రి ఆ కుటుంబంతో ఒకే వార్డులో డ్యూటీ చేయడం ఎలాగో మన నర్సుకి క్లాసులో చెప్పేది తక్కువ.

వయసు పెరిగిన పిల్లలతో ఇంకో రకం చిక్కు. పదహారు నిండని పిల్లలైనా వైద్యం గురించి పూర్తిగా అర్థం చేసుకోగలిగితే తామే సమ్మతి ఇవ్వవచ్చని 1985లో గిలిక్ కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అందుకే పద్నాలుగేళ్ళ అమ్మాయి ‘ఇది అమ్మకి చెప్పొద్దు’ అంటే నర్సు దగ్గర సిద్ధంగా ఉండాల్సింది ఆలోచనా క్రమం, రెడీమేడ్ జవాబు ఉండదు. బ్రిటన్‌లో పనిచేసే తెలుగు నర్సులకి కొత్తగా, కొన్నిసార్లు ఇబ్బందిగా అనిపించే ఘట్టాల్లో ఇదొకటి. మన దగ్గర సంతకం నాన్నది, ఆయన ఊళ్ళో లేకపోతే మేనమామది. పేషెంటుని అడగాలన్న ఊహే రాదు.

ఇంతకీ ఈ డిగ్రీ తెలుగు విద్యార్థికి పనికొస్తుందా? బ్రిటన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకైతే, మెడిసిన్ సీటు రాలేదని ఇంట్లో దిగులు పడే కన్నా గట్టిగా ఆలోచించదగ్గ చదువే. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థులకి 2017లో నర్సింగ్ బర్సరీ (చదువుకునే కాలంలో ఇచ్చే ప్రభుత్వ భృతి) తీసేసి ఫీజు అప్పు నెత్తిన పెట్టారు, 2020 నుంచి తిరిగి కట్టనక్కర్లేని 5,000 పౌండ్ల ఏడాది గ్రాంటు ఇస్తున్నారు. 2025-26లో ఫీజు 9,535 పౌండ్లు. స్కాట్లండ్‌లో స్థానికులకి ఫీజు లేదు, పైగా ఏడాదికి 10,000 పౌండ్ల బర్సరీ. ఇక్కడి నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి ఇవేవీ వర్తించవు, ఫీజూ చాలా ఎక్కువ. ఇల్లు తాకట్టు పెట్టి ఈ డిగ్రీకి వెళ్ళమని చెప్పే కన్సల్టెన్సీ మాట జాగ్రత్తగా వినాలి. ఇంటర్ బైపీసీ తర్వాత ఇక్కడే నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చేసి, అనుభవం సంపాదించి, ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్ళాక ప్రాక్టికల్ పరీక్ష రాసి రిజిస్టర్‌లోకి ఎక్కేది ఎక్కువమంది నడిచే దారి. కాకపోతే అలా వెళ్ళేవాళ్ళు సాధారణంగా పెద్దల శాఖలోనే నమోదవుతారు. ఇక్కడ పిల్లల ఐసీయూలో ఏళ్ళ తరబడి చేసిన సిస్టర్ అక్కడ వృద్ధుల వార్డులో తేలడం అరుదేమీ కాదు. చట్ట ప్రకారం ఒక శాఖ నర్సు ఇంకో శాఖలో పనిచేయకూడదని లేదు గానీ, పిల్లల వార్డు ఉద్యోగ ప్రకటనల్లో పిల్లల శాఖ రిజిస్ట్రేషనే అడుగుతుంటారు. తిరుగు దారిలోనూ ఇబ్బందే: పిల్లల శాఖ డిగ్రీతో అమెరికా వెళ్ళాలంటే పెద్దల, ప్రసూతి, మానసిక విభాగాల గంటలు ఎక్కడని అక్కడి బోర్డులు అడుగుతాయి.

ఈ ఇరుకు బ్రిటన్‌కీ తెలుసు. 2015లో లార్డ్ విల్లిస్ నివేదిక మొదటి రెండేళ్ళు అందరికీ ఉమ్మడిగా, ఆ తర్వాతే శాఖలుగా చదివించవచ్చని సూచించింది. పిల్లల నర్సులు గట్టిగా అడ్డం తిరిగారు. 2018లో కౌన్సిల్ నాలుగు శాఖలకీ ఒకే ప్రమాణాల జాబితా పెట్టినప్పుడు, అందులో పెద్దల వార్డు వాసనే ఎక్కువని వాళ్ళ ఫిర్యాదు. జర్మనీ 2020 నుంచి నర్సుల శిక్షణని ఉమ్మడి చేసి, పిల్లల వైపు వెళ్ళాలనుకునేవారికి చివరి ఏడాదిలో మాత్రం తలుపు తెరిచి ఉంచింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్తున్న మన నర్సులు చేరేది ఆ ఉమ్మడి వ్యవస్థలోనే. ఐర్లండ్ మధ్యే మార్గం పట్టి నాలుగున్నరేళ్ళలో పిల్లల, జనరల్ రిజిస్ట్రేషన్లు రెండూ ఇచ్చే డిగ్రీ పెట్టింది. మూడు నమూనాల్లోనూ ఐర్లండ్‌దే తెలివైనదిగా కనిపిస్తుంది, ఏడాదిన్నర ఎక్కువ చదవగలిగే స్తోమత ఉంటే.

బ్రిటన్ పద్ధతికి బలమైన సాక్ష్యం మాత్రం ఒకటుంది. బ్రిస్టల్‌లో 1984-95 మధ్య పిల్లల గుండె ఆపరేషన్లలో జరిగిన మరణాల మీద 2001లో వచ్చిన కెనెడీ నివేదిక సర్జన్లనే కాకుండా మొత్తం వ్యవస్థని తప్పుపట్టింది. పిల్లల్ని పెద్దలతో కలిపి చూడటం, పిల్లల శిక్షణ ఉన్న నర్సులు చాలినంతమంది లేకపోవడం అందులో భాగం.

మన బీఎస్సీలో చైల్డ్ హెల్త్ నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. సిలబస్ తిరగేస్తే లోటేమీ కనిపించదు. ఎదుగుదల మైలురాళ్ళ నుంచి నవజాత శిశువుల పునరుజ్జీవనం దాకా అన్నీ ఉన్నాయి. లేనిది సమయం. కొన్ని వారాల క్లినికల్ పోస్టింగ్‌లో, ఒక్కో మంచం చుట్టూ ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లు నిలబడి కేస్ ప్రెజెంటేషన్ రాసుకుంటూ పోతే తల్లితో మాట్లాడటం ఎప్పుడు? పైన ఎంఎస్సీలో పిల్లల స్పెషాలిటీ ఉంది, అది చేసినవాళ్ళలో ఎక్కువమంది కాలేజీల్లో పాఠం చెప్పడానికి వెళ్తారు. మధ్యలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి, వాటి పేరు తెలిసినవాళ్ళు తక్కువ. దేశంలో నర్సింగ్ చదువుకి కొత్త కమిషన్ పెడుతూ 2023లో చట్టం వచ్చింది. స్పెషాలిటీ చదివినవాళ్ళని ఆ స్పెషాలిటీ వార్డులోనే ఉంచాలన్న చిన్న నియమం దాని ద్వారా వచ్చినా చాలా మారుతుంది. ఎందుకంటే ఇప్పటి రొటేషన్ పద్ధతిలో, వెయ్యి గ్రాముల శిశువుకి కాన్యులా పెట్టడం ఏళ్ళు పట్టి నేర్చుకున్న సిస్టర్‌కి ఒక పొద్దున ఆర్థో వార్డుకి ఆర్డర్ వస్తుంది. ఆమె స్థానంలో ఆర్థో నుంచి ఇంకొకరు వస్తారు.

ఆ కొత్త సిస్టర్ నైట్ డ్యూటీలో పన్నెండింటికి రౌండ్‌కి వెళ్తుంది. టెంపరేచర్, పల్స్ రాసుకుంటుంది, రెండూ మామూలుగానే ఉన్నాయి. పక్క మంచం మీది తల్లి బిడ్డ చొక్కా పైకెత్తి, ‘డొక్కలు ఎగరేస్తున్నాడు సిస్టర్, సాయంత్రం ఇలా లేడు’ అంటుంది. చార్టులో ఆ మాట రాయడానికి గడి లేదు.